అరవెన్నెల ఎడమ చెంప

ఆమె ముఖంలో సగమే ఉద్యోగం చేసేది. మిగతా సగం ఊరికే తోడు వచ్చేది.

పొద్దున్నే పై గదుల్లోంచి మెట్లు దిగడం, మేకప్ సామాను అమ్మే కౌంటరు దగ్గర గుండ్రటి అద్దం ముందు నిలబడడం, వేలి కొసతో కాస్త మెరుపు పొడి తీసుకుని ఎడమ చెంప ఎముక మీద, ఎడమ కనుబొమ కింద, ముక్కు దూలానికి ఎడమ పక్కన రాసుకోవడం. ఆ పొడినే హైలైటరు అంటారు. వెలుతురు పడినప్పుడు ఆ చోటు కాస్త ఎత్తుగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. కుడి పక్క మాత్రం ఏమీ రాయకూడదు. కొనడానికి వచ్చినవాళ్ళు ఒకే ముఖంలో రాసిన చెంపనూ రాయని చెంపనూ చూసి, తేడా కళ్ళారా తెలుసుకుని, డబ్బా కొనుక్కుని పోవాలి. షట్టరు దించేదాకా ఆమె ముఖం కడుక్కోవడానికి వీల్లేదు.

ఎదురు కౌంటర్లో పెన్నులూ పుస్తకాలూ అమ్మే పెద్దాయన ఒకసారి ఆమెను చూసి, "ఏమ్మా అరవెన్నెలా, టీ తాగావా?" అన్నాడు. ఆ పేరు షాపు గడప దాటి, వీధంతా తిరిగి, చివరికి ఆమె మొగుడి నోటికి కూడా ఎక్కింది. అసలు పేరు ఎక్కడో కాగితాల మీద హాయిగా పడుకుని ఉంది.

షాపు ఆమె భర్త మేనత్తది. భర్తకూ ఆవిడ అత్తే, ఈమెకూ అత్తయ్యే. ఇంకో పిలుపు తోచక కొనేవాళ్ళు కూడా అత్తయ్యగారూ అనే పిలిచేవాళ్ళు. ఆవిడ భర్త ఉన్న రోజుల్లో అది ఉత్త పెన్నుల షాపు. ఆయన పోయాక, వీధి చివర ఆడపిల్లల కాలేజీ వెలిశాక, అత్తయ్య ఎడమ వైపు బీరువాలన్నీ ఖాళీ చేయించి మేకప్ సామాను నింపింది. కుడి వైపు భర్త జ్ఞాపకం, ఎడమ వైపు తన తెలివి. నడుమ, గల్లాపెట్టె దగ్గర తన కుర్చీ. అక్కడ కూర్చుంటే రెండు కౌంటర్లూ, వీధి తలుపూ, మేడ మెట్లూ అన్నీ ఒక్క చూపులో పడతాయి.

"మా షాపులో రెండు రకాల హైలైటర్లూ దొరుకుతాయి," అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "ఒకటి పుస్తకానికి, ఒకటి ముఖానికి. పని ఒకటే. ఎక్కడ చూడాలో చూపు అక్కడ పడేట్టు చెయ్యడం."

సగం ముఖం సంగతి ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. కొత్త సరుకు వచ్చిన రోజు ఎలా ఉంటుందో చూద్దామని అరవెన్నెల ఎడమ చెంపకు రాసుకుంది. కుడి చెంపకు వేలు పోయేలోగా ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చారు. మాట్లాడుతూ మాట్లాడుతూ మరిచిపోయింది. ఆ పిల్లలు ఆమెను అటు తిప్పి చూసి, ఇటు తిప్పి చూసి, చెరో డబ్బా కొన్నారు. తర్వాత స్నేహితురాళ్ళను వెంటబెట్టుకొచ్చి, "ఆ ఆంటీ ముఖం చూడండే" అని చూపించారు. కుర్చీలోంచి అత్తయ్య అదంతా చూసింది.

"అమ్మాయ్, రేపట్నుంచి ఇలాగే ఉండు," అంది.

అదొక్క రేపటితో పోతుందనుకుంది అరవెన్నెల. ఆ కాలేజీ పిల్లలకు పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలకు రంగు పెన్సిళ్ళు కొనడానికి మళ్ళీ షాపుకు వస్తున్నారు. ఆమె ఇంకా అలాగే ఉంది.

మానేస్తే పోయేది కదా అని వీధిలో అనని ఆడది లేదు. మానేయడం అంత తేలికైతే ఎప్పుడో మానేసేది. ఆమె భర్త కరెంటు పని చేసేవాడు. ఒక కొత్త మేడలో నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు అతికింది గాని వంగడం మానేసింది. అద్దె ఇల్లు వదిలేయాల్సి వచ్చినప్పుడు, "నా పై గదులు ఉన్నాయి కదరా, రండి," అని చేరదీసింది అత్తయ్యే. ఆ మాట మరిచిపోగల మనుషులు కారు వాళ్ళు. మరిచిపోయినా అత్తయ్య గుర్తు చెయ్యగలదు.

ఆ పై గదులకు విడిగా దారి లేదు. మెట్లు తిన్నగా మేకప్ కౌంటరు వెనక్కి దిగుతాయి. కూరగాయలకు వెళ్ళాలన్నా, చెప్పు కుట్టించుకోవాలన్నా, ఊరికే గాలి పీల్చుకోవాలన్నా షాపులోంచే, అత్తయ్య కుర్చీ ముందునుంచే పోవాలి. "ఎక్కడికి?" అని ఆవిడ అడిగేది. కోపంగా కాదు, తలుపు కిర్రుమన్నట్టు, అలవాటుగా. సెలవు రోజున షట్టరు దించి ఉంటే తాళంచెవి ఆవిడ నడుము సంచీలో ఉండేది. భర్త పైన కూర్చుని జనం తెచ్చిచ్చిన ఫ్యాన్లూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేసేవాడు. వాటికి ఊపిరి పోసి కిందికి పంపేవాడు. అవన్నీ ఇళ్ళకు వెళ్ళిపోయేవి. వీళ్ళిద్దరే అక్కడే ఉండేవాళ్ళు.

మేకప్ కౌంటర్లో కూర్చోవడానికి ఏమీ లేదు. అమ్మే మనిషి కూర్చుంటే కొనే మనిషి నడిచిపోతుందని అత్తయ్య నమ్మకం. ఎదురుగా, పెన్నుల కౌంటర్లో మాత్రం చెక్క స్టూలుంది. నడుం వాల్చుకోవడానికి వెనక చిన్న అడ్డు కూడా ఉంది. అత్తయ్య భర్త కూర్చున్న స్టూలు కాబట్టి దాని జోలికి రూలు పోలేదు. దాని మీద ఇప్పుడు, ఆమెకు అరవెన్నెల అని పేరు పెట్టిన ఆ పెద్దాయన, పెన్నుల బాబాయి కూర్చునేవాడు. ఆయన ముఖం ఎలా ఉందో ఎవరికీ అక్కర్లేదు. గడ్డం గీసుకోని రోజున కూడా పెన్నులు అమ్ముడుపోయేవి. అరవెన్నెలకు ఈ లోకంలో కావలసిందల్లా ఆ స్టూలు. అక్కడ కూర్చుంటే ముఖం ఇంట్లో పెట్టిరాకపోయినా కనీసం తన దగ్గరే ఉంచుకోవచ్చు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆమె అటు వైపు దాటేది. బాబాయి స్టూలు ఇచ్చి తను అట్టపెట్టె మీద కూర్చునేవాడు.

"ఇది చూడు," అని ఒక హైలైటరు పెన్ను మూత తీసి చూపించేవాడు. "కొస ఏటవాలుగా కోసి ఉంటుంది. ఇలా పట్టుకుంటే వరసంతా పట్టేంత వెడల్పు, ఇలా తిప్పితే కింద గీత. పెన్నుతో రాసింది ఆరకముందే దీన్ని లాగామా, అక్షరం అలుక్కుపోతుంది. పిల్లలకు ఆ కాస్త ఓపిక ఉండదు."

"పల్చటి కాగితానికి?"

"వెనక్కి దిగిపోతుంది. వాళ్ళకు ఈ మైనం పుల్ల ఇవ్వాలి. ఆఫీసువాళ్ళకు లేత పసుపు ఇవ్వు. జెరాక్సు తీస్తే పెద్దగా పడదు. గీసినట్టు గీసినవాడికే తెలుస్తుంది."

"మొన్న ఒక పిల్ల పుస్తకం చూశాను బాబాయ్. పేజీ పేజీకీ కామెర్లొచ్చినట్టుంది. ఒక్క అక్షరం వదల్లేదు."

"అన్నీ ముఖ్యమే అనిపిస్తుంది పాపం. మీ దగ్గర ఎలా?"

"మా దగ్గరా అంతే. ముఖమంతా పూస్తే నూనె కారినట్టుంటుంది. మొటిమ మీద రాస్తే మొటిమే ముందు పలకరిస్తుంది. ముడత మీద రాస్తే ముడత."

"అంటే దానికి మంచీ చెడ్డా తెలీదన్నమాట."

"ఏం తెలుస్తుంది? మా అత్తయ్య లాగే. నా ఎడమ చెంప ఒక్కటే కనబడుతుంది."

బాబాయి నవ్వితే అట్టపెట్టెతో సహా ఊగేవాడు. "పిల్లలూ, అత్తయ్యా, ఎవరైనా సరే, ఆగి చూడాలి," అంటూ కళ్ళద్దాలు తుడుచుకునేవాడు. తుడిచినా లాభం లేని రోజులు వచ్చాయి. పసుపు అడిగితే నారింజ ఇవ్వడం మొదలుపెట్టాడు. ఒకనాడు గులాబీ రంగు పెన్ను చేతిలో పట్టుకుని, "ఇది ఏ రంగమ్మా?" అని ఆమెనే అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన ఆ పెన్నును నెమ్మదిగా డబ్బాలో పెట్టేశాడు.

"కూతురు దగ్గరకు వెళ్ళిపోతున్నాను. స్టూలు ఖాళీ అవుతుంది. నీకు కావాలంటే ఇప్పుడే అడుగు. అడగకపోతే దాని మీద కాలెండర్లు పేరుస్తారు," అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఆమె ఎడమ చెంప మొరాయించింది. మొదట చురచుర, తర్వాత ఎర్రటి పొక్కులు, ఆ తర్వాత గరుకుగా నల్లటి మచ్చ. ఇన్నాళ్ళు మెరిసిన చోటే మాడినట్టయింది. డాక్టరమ్మ వేలితో తాకి చూసి, కొన్ని నెలలు ముఖానికి ఏమీ పూయవద్దంది. ఆ మాట అత్తయ్యకు చేరింది. అత్తయ్య జాలిపడింది. కుర్చీలోంచి లేచి వచ్చి, ఆ చెంపను పట్టుకుని చూసింది కూడా.

"అయ్యో, ఎంత మంట పుట్టిందో. సరేలే, దానికి విశ్రాంతి ఇవ్వు. కుడి వైపు పుయ్యి," అంది.

ఆ సాయంత్రం అరవెన్నెల పైకి వెళ్ళి భర్త ఎదుట కూర్చుంది. అతను ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు.

"ఏమండీ, మీ అత్తతో మీరే మాట్లాడాలి. బాబాయి స్టూలు నాకిమ్మనండి. మేకప్ కౌంటర్‌కి వేరే పిల్లను పెట్టుకోమనండి."

"నువ్వే అడగొచ్చుగా."

"నేను అడిగితే కోడలు పని తప్పించుకుంటోందంటారు. మీరైతే రక్తం."

రక్తం కుంటుకుంటూ మెట్లు దిగింది. అతని ఇబ్బంది వీధిలో అందరికీ తెలిసిందే. మేనత్త ముందు నోరు తెరిస్తే మాట బోర్లాపడి బయటికి వచ్చేది. చిన్నప్పుడు ఆవిడ పలక మీద అక్షరాలు దిద్దించిందట, ఆ భయం పోలేదు. కాసేపటికి ముఖం వెలిగించుకుని పైకి వచ్చాడు.

"అత్త ఒప్పుకుంది," అన్నాడు.

"ఏమని?"

"స్టూలు నీదేనంది."

"మరి మేకప్?"

"అదీ నీదే. రెండూ నువ్వే చూసుకోమంది. నీ అంత నమ్మకం ఎవరి మీదా లేదంది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను. మెచ్చుకుంటోంది కదా అని సరేనన్నాను."

అతను ఫ్యాను స్విచ్చి వేశాడు. అది చక్కగా తిరిగింది. "చూశావా," అన్నాడు సంబరంగా. ఆమె రెక్కల వైపు చూసి, "బాగుంది," అంది.

బాబాయి వెళ్ళిపోయాడు. ఇక అరవెన్నెల షాపులో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పడవ అయింది. కుడి చెంప మెరిపించుకుని, ఎడమ చెంపకు డాక్టరమ్మ ఇచ్చిన మందు పూసుకుని, ఇక్కడ డబ్బా మూత తీసేలోగా అక్కడ స్కేలు అడిగేవాళ్ళు. స్టూలు మీద అలా ఆనుకుందో లేదో అత్తయ్య గొంతు వినిపించేది. "అమ్మాయ్, ఇటు." చేతులకు ఒక వైపు మెరుపు, ఒక వైపు సిరా. కొన్నాళ్ళకు కుడి చెంప కూడా చురచురలాడడం మొదలైంది. అద్దం ముందు నిలబడి వేలితో తడిమి చూసుకుంది. ఇది కూడా పోతే అత్తయ్య ఎక్కడ పూయమంటుందో. నుదురు ఉంది, గడ్డం ఉంది. అత్తయ్య దగ్గర ఉపాయాలకు కొదవ లేదు.

ఒకరోజు బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"నీకైతే బాగానే ఉంది. నాకు నప్పుతుందో లేదో," అంది.

అరవెన్నెలకు కాళ్ళు పీకుతున్నాయి. చెంప దురదపెడుతోంది. చెప్పడానికి ఓపిక లేదు. గబగబా బాబాయి స్టూలు ఇటు లాక్కొచ్చి, ఆవిడను కూర్చోబెట్టి, వేలితో ఆవిడ చెంప మీదే రాసేసింది. ఒక చెంప అయింది. ఇంతలో అవతల ఎవరో గమ్ము సీసా అడిగారు. వెళ్ళి, ఇచ్చి, చిల్లర కోసం తిరిగి, వచ్చేసరికి బట్టలు కుట్టే ఆవిడ అద్దాన్ని వదలకుండా కూర్చుంది. బెంగగా ఉంది.

"రెండో వైపు కూడా వెయ్యవే. ఇలా రోడ్డెక్కితే ఏమనుకుంటారు?"

అరవెన్నెల వేలు డబ్బాలోకి పోతుండగా నడుమ కుర్చీలోంచి మాట వచ్చింది.

"చూడ్డానికి ఒక వైపు ఉచితం. రెండో వైపు కావాలంటే డబ్బా కొనుక్కోవాలి."

ఆవిడ అద్దం వైపు చూసింది, తలుపు వైపు చూసింది. తలుపు అవతల వీధి నిండా జనం. డబ్బా కొంది.

మర్నాడు అరవెన్నెల ఉత్త ముఖంతో మెట్లు దిగి, వచ్చినవాళ్ళ చెంపల మీదే ఒక వైపు రాయడం మొదలుపెట్టింది. అత్తయ్య చూసింది. ఏమీ అనలేదు. సాయంత్రానికి సరుకు ఎంత కదిలిందో చూశాక అనవలసిన అవసరమూ లేకపోయింది. ఆ వారంలోనే కస్టమర్ల కోసం గుండ్రంగా తిరిగే కుర్చీ ఒకటి వచ్చింది. కూర్చునేవాళ్ళు నవ్వుతూ కూర్చునేవాళ్ళు. ఒక చెంప అయ్యాక అద్దం చూసుకుని నవ్వు ఆపేసేవాళ్ళు. అలవాటు లేని ముఖాలు కదా, చప్పున బయటపడిపోయేవి. ఆ చూపు అరవెన్నెలకు బాగా తెలుసు. ఇన్నేళ్ళు అదే అద్దంలో చూసింది. ఇప్పుడు వేరేవాళ్ళ కళ్ళలో చూస్తోంది, తన చేత్తో పెట్టి మరీ.

చెంపలు మెల్లగా మానాయి. మచ్చ పలచబడింది. ధైర్యం చేసి తనే అడిగింది.

"అత్తయ్యా, ఇప్పుడు ముఖంతో పని లేదు కదా. కుర్చీలో కూర్చోబెట్టి రాయడం ఏ పిల్లకైనా నేర్పుతాను. నేను పెన్నుల వైపు ఉంటాను."

"ఏ పిల్లకైనా వస్తుందా?" అత్తయ్య నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఒక వైపు రాశాక ఎక్కడ ఆపాలో నీకు తెలుసు. ఆ చెయ్యి ఎవరికుంది? ఇంక రెండు చోట్లా నిన్ను పరిగెత్తించను. పెన్నుల సంగతి నేను ఆలోచించానులే."

ఆలోచన మర్నాడు మెట్లు దిగి వచ్చింది. భర్త శుభ్రంగా తల దువ్వుకుని, విరగని కాలు ముందు పెట్టి, స్టూలు ఎక్కి కూర్చున్నాడు. "నడుముకు భలే సుఖంగా ఉందే ఇది," అన్నాడు ఆమెతో. పాపం, అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అతనికి వైర్ల రంగులు తెలుసు గాని పెన్నుల గుణాలు తెలియవు. ఎవరేమడిగినా అక్కడ్నుంచే కేకేసేవాడు.

"ఏమే, పల్చటి కాగితానికి ఏదిమ్మంటావు?"

"మైనం పుల్ల. కింద అర," అనేది, ఎవరి చెంప మీదనో ఉన్న వేలు ఆపకుండా, తల తిప్పకుండా.

అలా ఆమె ముఖం ఆమెకు వచ్చింది. స్టూలు మొగుడికి పోయింది. వీధిలో అందరూ, "అదృష్టవంతురాలు, మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చుని పని చేసుకుంటున్నారు," అన్నారు. ఒకరే కూర్చున్నారన్న సంగతి ఎవరూ గమనించలేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం బస్సు నడిపే ఆవిడ వచ్చింది. యూనిఫాం చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. తలనొప్పి మాత్రలకని పక్కనే ఉన్న మందుల షాపుకు వచ్చి, తిరిగే కుర్చీ చూసి ముచ్చటపడి లోపలికి వచ్చింది. కూర్చుని ఒక చుట్టు తిరిగి, "ఎటు రాస్తారో రాయండి," అంది. అరవెన్నెల ఎడమ చెంప ఎముక మీద రాసింది, కనుబొమ కింద అద్దింది, ముక్కు పక్కన గీసింది, ఆపింది. అద్దం తిప్పింది.

బస్సు ఆవిడ చూసుకుంది. అటు తిరిగి చూసుకుంది, ఇటు తిరిగి చూసుకుంది.

"బాగుంది. ఇటు కూడా బాగానే ఉంది. రెండూ నావేగా," అని లేచింది.

"రెండో వైపు కావాలంటే డబ్బా," అని కుర్చీలోంచి అత్తయ్య మొదలుపెట్టింది.

"వద్దులెండి. బస్సు తియ్యాలి."

"ఇలా సగం ముఖంతో పోతే జనం నవ్వరూ?"

"నవ్వనివ్వండమ్మా. రోజూ ముఖాలు మాడ్చుకునే ఎక్కుతారు," అంది ఆవిడ. మాత్రల పొట్లం జేబులో పెట్టుకుని తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంతకాలంలో అలా వెళ్ళిన మనిషి లేదు. అరవెన్నెల చేతిలో డబ్బా పక్కన పెట్టి గడప దాకా నడిచింది.

"ఎక్కడికి?" అంది అత్తయ్య.

"ఎక్కడికీ లేదు."

గడప మీద నిలబడి చూసింది. ఎండ నిలువునా కాస్తోంది. ఆవిడ చెంప దూరానికి కూడా మెరుస్తోంది. పళ్ళబండి అతను తూకం ఆపి చూశాడు. ఇద్దరు పిల్లలు మోచేతులతో పొడుచుకున్నారు. ఆవిడ వాళ్ళతో ఏదో అంది, వాళ్ళు నవ్వారు, ఆవిడా నవ్వింది. స్టాపులో ఉన్న బస్సు ఎక్కి, డ్రైవరు సీట్లో కూర్చుని, హారన్ కొట్టి, బస్సు కదిలించింది. మలుపు తిరిగేదాకా అరవెన్నెల అక్కడే ఉంది.

లోపలికి వచ్చేసరికి తిరిగే కుర్చీలో ఇంకో ఆవిడ కూర్చుని ముఖం ఎత్తి ఉంచింది. కుడి వైపు, ఒక కాలేజీ కుర్రాడు రెండు హైలైటర్లు పట్టుకుని భర్తను ఏదో అడుగుతున్నాడు. భర్త కేకెయ్యడానికి అప్పుడే మెడ సాచాడు. అరవెన్నెల కుడి వైపు నడిచింది.

"కాస్త లేవండి," అంది.

"ఎందుకే?"

"కాలు నొప్పి."

"నాదా, నీదా?"

"నాదే."

అతను ఆమె ముఖం చూసి, చేతులు ఊనుకుని లేచాడు. ఆమె ఎక్కి కూర్చుంది. పాదాలు నేలకు ఆనలేదు. కుర్రాడి పుస్తకం తన వైపు తిప్పుకుంది. హైలైటరు పరీక్షించడానికని అక్కడే పెన్నుతో అప్పుడే రాసిన వరస, సిరా ఇంకా పచ్చిగా ఉంది.

"ఇప్పుడే గీయకు బాబూ. అలుక్కుపోతుంది. కాసేపు ఆగు," అంది.

"ఎంతసేపండీ?"

"ఆరేదాకా."

"అమ్మాయ్," అని నడుమ కుర్చీ పిలిచింది. "ఇక్కడ మనిషి కూర్చుని ఉంది."

"వస్తున్నాను అత్తయ్యా," అంది అరవెన్నెల. నడుం వెనక్కి వాల్చి, కుర్రాడితో పాటు సిరా వైపు చూస్తూ కూర్చుంది.